ఖాళీ అనని మనిషి

ఆయన పోయి నెల దాటింది. మా గదిలో, వచ్చిపోయే కెమెరామన్లతో సహా, ఇంకా ఎవరమూ 'ఖాళీ' అనే మాట వాడటం లేదు.

టీ గ్లాసు అయిపోయింది అంటాం. హార్డ్‌డిస్కులో జాగా ఉంది అంటాం. బస్సులో జనం లేరు అంటాం. ఆ మధ్య కరెంటు మీటరు చూడటానికి వచ్చినతను మెట్ల మీద నుంచే "ఊపర్ కా రూమ్ ఖాలీ హై క్యా" అని అడిగితే, జవాబు చెప్పేముందు నేను మూలనున్న కుర్చీ వైపు చూశాను, ఆయన కోప్పడతాడేమోనని. కుర్చీలో ఎవరూ లేరు. అతనికి ఏదో చెప్పి పంపించి మళ్ళీ నా పనిలో పడ్డాను. ఏడుపు రాలేదు. పోయిన ఆదివారం దాకా రాలేదు. పళ్ళ డాక్టరు సూది వేశాక దవడ ఉంటుంది చూడండి, మనదేనని తెలుస్తుంది కానీ గిల్లినా తెలియదు. నెల రోజులు అలా ఉన్నాను.

పేరు రాయను. చంద్రపూర్ బాబుపేట్‌లో ఆ పేరుగలవాళ్ళు గల్లీకొకరున్నారు, రాసినా ఎవరో తెలియదు. నేను అన్న అనేవాణ్ణి. మరాఠీ వాళ్ళు భావూ అనేవారు. జిరాక్స్ దుకాణం పైన మాదొక గది. ఆయనది పెళ్ళి వీడియోల ఎడిటింగు, నాది పెళ్ళి ఆల్బముల డిజైను. కంప్యూటర్లు రెండు, టేబుల్ ఫ్యాను ఒకటి. ఎండాకాలంలో ఆ ఫ్యాను ఆయన కంప్యూటరు వైపు తిరిగి ఉండేది. "మనకేమైతది, చెమట వోస్తది. దానికైతె పానం వోతది," అనేవాడు. చంద్రపూర్ ఎండ తెలిసినవాళ్ళకు ఆ మాటలోని దుర్మార్గం తెలుస్తుంది. నేను తడి తువ్వాలు మెడకు చుట్టుకుని పెళ్ళికూతుళ్ళ ముఖాలు తెల్లగా చేస్తుండేవాణ్ణి.

కుడిచేతి బొటనవేలికి గోరు పెంచేవాడు. కెమెరా కార్డుకు పక్కన చీమంత తాళం ఉంటుంది. దాన్ని జరిపితే ఆ కార్డు మీద ఇక ఏదీ రాయలేం, ఉన్నదాన్ని తుడిచేయలేం. లోకంలో ఎవరూ ఆ తాళాన్ని ముట్టరు. కెమెరామన్ షూటింగు నుంచి వచ్చి కార్డు చేతికివ్వగానే ఆయన గోరుతో టిక్కుమని తాళం వేసేవాడు. ఆ తరువాతే "కూసో, చాయ్ తాగుతవా" అని పలకరింపు. ఆ గోరుతో అన్నం కలుపుతుంటే చూడలేక వదిన పళ్ళెంలో చెంచా పెట్టి ఇచ్చేది. ఆయన చెంచా పక్కన పెట్టి గోరుతోనే కలుపుకునేవాడు.

టేపుల కాలం మనిషి. అప్పట్లో క్యాసెట్ నిండితే మీద పేరు రాసి అల్మారీలో పెట్టడమే. కొత్త పెళ్ళికి కొత్త క్యాసెట్. కార్డు అలా కాదు. ఈ పెళ్ళిని కంప్యూటరులోకి దింపుకుని, కార్డు తుడిచి, రేపటి పెళ్ళికి మళ్ళీ అదే కార్డు వాడాలి. టేపు అక్కరలేని కెమెరాలు వచ్చినప్పుడు ఊళ్ళో ఫోటోగ్రాఫర్లందరూ సంబరపడ్డారు. ఆయన పడలేదు.

"క్యాసెట్‌కు అసల్ ఉంటది, నకల్ ఉంటది," అనేవాడు. "దీనికి అసల్ అనేదే లేదు తమ్మీ. నువ్వు దించుకున్నదే అసల్. దించుకోలేదనుకో, అది పుట్టనే లేదు."

ఒకసారి బల్లార్‌పూర్ నుంచి ఒక కెమెరామన్ వచ్చి జేబులోంచి పెన్‌డ్రైవు తీసి బల్ల మీద పెట్టాడు.

"కార్డేది?" అన్నాడు అన్న.

"కార్డెందుకన్నా, వీడియోలన్ని తీసి గిండ్ల ఏసిన. పేర్లు గూడ మంచిగ పెట్టిన. హల్దీ ఒకటి, హల్దీ రెండు, బరాత్..."

అన్న కళ్ళద్దాలు తీసి లుంగీ అంచుతో తుడుచుకున్నాడు. "కార్డుల ఇంకేమేమున్నయి?"

"ఏవో చిన్న చిన్న ఫైళ్ళున్నయి. దేనికి పనికొస్తయని తియ్యలె."

"మీ అమ్మ పచ్చడి జాడీలు పంపిస్తె మూతలెందుకని పారేస్తవా?"

అతను నవ్వాడు. అన్న నవ్వలేదు. కెమెరా ఆపకుండా చాలాసేపు తీస్తే ఆ ఒక్క షాటునే కార్డు మీద ముక్కలు ముక్కలుగా రాస్తుంది. ఏ ముక్క తరువాత ఏ ముక్క రావాలో ఆ పనికిరాని చిన్న ఫైళ్ళకే తెలుసు. వాటిని వదిలేసి, ముక్కలకు సొంత పేర్లు కూడా పెట్టుకుంటే, మంగళసూత్రం ముడి పడేచోట బొమ్మ ఒక దిక్కు, బాజా ఒక దిక్కు పోతాయి. అందుకని కార్డులోనిదంతా పెట్టెకు పెట్టెగా ఎత్తాలని ఆయన పట్టు. లోపల ఒక్క పేరు మార్చకూడదు, ఒక్క క్లిప్పు కలపకూడదు, ఒక్కటి తీయకూడదు.

"కన్నది కెమెరా. నంబరు పెట్టేది గూడ అదే. నడుమల నువ్వెవలు?" అని అతన్ని అడిగి, చాయ్ తాగించి, కార్డు కోసం మళ్ళీ బల్లార్‌పూర్ బస్సెక్కించాడు.

ఎడిటింగు చేస్తుండగా ఏ ఫోల్డరో చోటు మారితే, క్లిప్పు ఉండవలసిన చోట ఎర్రటి తెర వస్తుంది, ఫైలు కనబడటం లేదని. ఇంకెవరైనా కంప్యూటరును తిట్టుకుంటారు. ఆయన "అలిగింది" అనేవాడు. ఎక్కడుందో ఓపికగా వెతికి చూపిస్తే క్లిప్పు మళ్ళీ వచ్చేది. వచ్చాక దాన్ని ఒకసారి మొదటి నుంచీ చివరిదాకా ఆడించి చూసి, అప్పుడు బీడీ కోసం కిందికి వెళ్ళేవాడు.

క్లిప్పుల పేర్లు మార్చనివ్వని మనిషి హార్డ్‌డిస్కులకు మాత్రం తోచిన పేర్లు పెట్టుకున్నాడు. వాళ్ళ నాయన బొగ్గు గనిలో పనికోసం పెద్దపల్లి దిక్కు నుంచి రైల్లో ఇక్కడికి వచ్చినవాడు. ఆ దారిలోని స్టేషన్లే డిస్కుల పేర్లు: సిర్పూర్, బెల్లంపల్లి, మంచిర్యాల. ఒకటి నిండితే ఇంకో స్టేషను. విసాపూర్ నుంచి ఎవరో ఫోన్ చేసి పాత సీడీ గీతలు పడ్డదని చెబితే, "మీ పెండ్లి బెల్లంపల్లిల ఉన్నది, తీసి పెడతా," అనేవాడు. అవతలివాళ్ళు "లేదు భావూ, మా పెండ్లి విసాపూర్‌లనే అయింది," అని గాబరాపడేవాళ్ళు. ఆయనకు అది సరదా. నేను చూసిన కొద్దిపాటి సరదాల్లో అదొకటి.

డిస్కుల మీద ఆ తెలుగు ఊళ్ళ పేర్లు మరాఠీ అక్షరాల్లో రాసేవాడు. చదువు మరాఠీ బడిలో అయింది, తెలుగు అక్షరాలు రావు. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ, బజారులో రెండూ. మాట్లాడుతూ మాట్లాడుతూ ఏ భాషలోంచి ఏ భాషలోకి వెళ్ళాడో ఆయనకే తెలిసేది కాదు. మాలో ఎవరికీ తెలియదు. తెలియాల్సిన అవసరం ఎప్పుడూ రాదు.

కోఠారి అనే ఊరి నుంచి వచ్చే అక్కను నేను మొదటిసారి చూసింది ఆ గదిలో బల్ల వేసుకున్న కొత్తలో. నా పెళ్ళయి ఏడాది అయిందేమో. సంతసంచి మోసుకుంటూ ఒకావిడ మెట్లెక్కి వచ్చింది. ఎమ్మెల్యే తమ్ముడు వచ్చినా కుర్చీలోంచి కదలని మనిషి లేచి నిలబడ్డాడు. స్టూలు తుడిచి వేశాడు. కిందికి కేకేసి చాయ్ చెప్పాడు. సొరుగులోంచి పాత కళ్ళద్దాల డబ్బా తీసి, దాంట్లోని కార్డు కంప్యూటరుకు పెట్టి, తుడిచేసిన ఫైళ్ళను వెతికే సాఫ్ట్‌వేర్ నడిపించాడు. తెర మీద పచ్చటి గీత ఒకటి ఎడమ నుంచి కుడికి నెమ్మదిగా పాకడం మొదలుపెట్టింది.

అది నడుస్తుండగా ఆయన చెప్పడం మొదలుపెట్టాడు.

"మొదటి క్లిప్పు తొట్టెలది అక్కా. పక్కింటోళ్ళ కాడ అడిగి తెచ్చిన తొట్టెల. తాళ్ళు ఆగుతయో లేదో అని మీ మరిది అండ్ల కూసోని ఊగి చూసిండు."

"ఊ."

"తర్వాతి దాంట్ల మీ అత్త గుండ్రాయికి బట్ట చుట్టి ముందుగాల దాన్ని పండవెట్టింది, ఈడోళ్ళ రివాజు. రాయికి గూడ కాటుక దిద్దింది."

ఆమె కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది.

"ఆ తర్వాత పిల్లను పండవెట్టిండ్రు. పండవెట్టంగనె కండ్లు తెరిచింది. నేను తొట్టెల మీదికి వంగి తీస్తున్న. కెమెరాకు ముంగట ఎర్ర బత్తి ఉంటది గద, దాన్నే చూసింది. మస్తుసేపు చూసింది."

"నవ్విందా అన్నా?"

"నవ్వలె. చూసింది."

నాకేమీ అర్థం కాలేదు. ఈలోగా తెర మీద, దొరికిన ఫైళ్ళ చిన్న చిన్న బొమ్మలు వరసగా రావడం మొదలైంది. బాసింగం కట్టుకున్న ఒక పెళ్ళికొడుకు. జీలకర్రా బెల్లం. చేయి గుంజుతున్న ఒక మేనమామ. నేను నవ్వాను.

"అన్నా, గిది నా పెండ్లి గద."

 ఆమె తెర వైపూ నా వైపూ మార్చి మార్చి చూసింది. "పెండ్లికొడుకు నువ్వేనా తమ్మీ," అంది. గొంతులో కోపం లేదు. పచ్చగీత చివరికి చేరింది. నా పెళ్ళి తరువాత కొన్ని బంతి భోజనాల బొమ్మలు వచ్చి ఆగిపోయాయి. ఆమె చాయ్ గ్లాసు కింద పెట్టి, సంచి ఎత్తుకుని, "పోయొస్త అన్నా," అని దిగిపోయింది.

ఆమె వెళ్ళాక ఆయన నా వైపు తిరగకుండానే చెప్పాడు.

కోఠారిలో వాళ్ళింట్లో చాలా ఏళ్ళకు ఆడపిల్ల పుట్టింది. ఇరవై ఒకటోనాడు తొట్టెలలో వేసి పేరు పెట్టారు. ఆయనే వెళ్ళి తీశాడు. అప్పటికి ఆ ఇంట్లో ఉన్నది ఒక్క బటన్ ఫోను. పిల్ల కదులుతున్న బొమ్మ లోకంలో ఉన్నది ఆ ఒక్క కార్డు మీదే. ఆ కార్డు తెచ్చి భాగస్తుడికి ఇచ్చాడు. అప్పట్లో ఆయనకొక మరాఠీ భాగస్తుడు ఉండేవాడు. కంప్యూటరులోకి దించిన కార్డులు సంచి పై అరలో, ఇంకా దించనివి కింది అరలో పెట్టాలని వాళ్ళ ఏర్పాటు. ఆ వెంటనే నా పెళ్ళి. సంచి తీసుకుని నేరుగా మా ఇంటికి వచ్చాడు. హడావుడిలో సంచి కుమ్మరిస్తే ఒక్క కార్డే పడింది, అది కోఠారిది; ఏ అరలోంచి పడిందో చూడలేదు. భాగస్తుడికి ఫోన్ చేశాడు.

"మీ ఇంట్ల ఆడోళ్ళు పాటలు పాడుతున్నరు," అన్నాడు. "మీ మేనమామ అన్నం తిను అన్నం తిను అని చెయ్యి గుంజుతుండు. ఫోన్ల అడిగిన, కోఠారీచ కార్డ్? అని. 'ఖాలీ ఆహే' అన్నడు."

మరాఠీలో ఖాలీ అంటే కింద. కార్డు కింది అరలో ఉంది, ఇంకా దించలేదు అని అతను చెప్పాడు. ఈయనకు కార్డు ఖాళీ అని వినబడింది.

"ఐదో తరగతిల గురూజీ కొట్టి నేర్పిండు తమ్మీ, వర్ అంటె మీద, ఖాలీ అంటె కింద అని. నాకెర్క లేదా? పుట్టినప్పటిసంది మరాఠోళ్ళ నడుమనే ఉన్న. ఆ ఒక్క పూట తెలుగుల విన్న. కెమెరా గూడ అడిగింది, అంత తుడిచేయాల్నా అని. ఔనన్న."

ఆ కార్డు మీదే మా పెళ్ళి తీశాడు. మా పెళ్ళి కార్డు నిండా రాలేదు. చివర మిగిలిన కాస్త చోటులో కోఠారి ఇంటి భోజనాలు తుడుచుకుపోకుండా ఉన్నాయి. తొట్టెల, పిల్ల, పేరు పెట్టడం, అన్నీ మొదటి సగంలో ఉన్నాయి. అవి మా పెళ్ళి కిందికి పోయాయి. విషయం తెలిసి, కోఠారి వెళ్ళి ఎలా చెప్పాలా అని ఆయన రోజులు జరుపుతుండగానే పిల్ల జ్వరంతో చనిపోయింది.

"పిల్ల పోయిన ఇంటికి పోయి వీడియో గూడ పోయిందని ఎట్ల చెప్తవ్?" అన్నాడు. "ఇంట్లోళ్ళు ఎవ్వరు అడగలె. ఆమెనే ఒక్కతె వచ్చింది. ఉన్నది ఉన్నట్టు చెప్పిన. మిగిలింది చూపించిన. చూసి, తిన్నోళ్ళందరున్నరు, పిల్లొక్కతె లేదు, అన్నది. ఇంకొకసారి చూడు అన్నా, అన్నది. చూసిన. అప్పటిసంది గిట్లనే."

ఆ సాయంత్రం ఇంటికి వెళ్ళి మా ఆవిడకు చెప్పాను. ఆమె రొట్టెలు చేస్తోంది. "అయితె ఆ పిల్ల మీద మన పెండ్లి పడ్డదా," అంది.  మా పెళ్ళి సీడీ బీరువాలోనే ఉంది. బాగా వచ్చిందని అందరూ అంటారు. మేము తీసి చూసుకోలేదు, పారేయనూ లేదు. నాకు బాధ కలిగిందా అంటే, కలిగింది. కానీ దాన్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. తప్పు చేసింది నేను కాదు. ఆ పూట మా ఇంట్లో తెలుగు మాట్లాడుతున్నారు, అంతే.

ఆ రోజు నుంచి నేనూ ఆ మాట అనడం మానేశాను.

అక్క ఆదివారం సంతకు వచ్చినప్పుడల్లా కాదుగానీ, ఏడాదిలో కొన్నిసార్లు వచ్చేది. మహంకాళి జాతరప్పుడు తప్పకుండా వచ్చేది. తరువాత ఆమెకు కొడుకు పుట్టాడు. వాణ్ణి చంకనేసుకుని వచ్చింది, తరువాత చేయి పట్టుకుని నడిపించుకుంటూ వచ్చింది, ఆ తరువాత వాడు రానంటే ఒక్కతే వచ్చింది. "ఏం పెండ్లికొడుకా, మంచిగున్నవా," అని నన్ను ఆటపట్టించేది. ఆయన లేచి స్టూలు వేసేవాడు. కార్డు పెట్టేవాడు. పచ్చగీత పాకేది. నా పెళ్ళి, బంతి భోజనాలు. ఎన్నిసార్లు వెతికినా అవే వస్తాయని ఆయనకు తెలుసు, నాకు తెలుసు. గీత నడిచినంతసేపు ఆయన క్లిప్పులు చెప్పేవాడు, ఆమె ఊ కొట్టేది.

కొన్నేళ్ళు విన్నాక ఒకటి గమనించాను. క్లిప్పులు పెరుగుతున్నాయి.

మొదట్లో తొట్టెల, గుండ్రాయి, ఎర్రబత్తిని చూడటం, మేనత్త చెవిలో పేరు చెప్పడం, ఇంతే ఉండేవి. తరువాత ఒక జాతరకు, పిల్ల మేనత్త గాజు పట్టుకుని వదల్లేదన్నాడు. ఇంకో ఏడు, వాళ్ళమ్మ గొంతు వినబడగానే తల అటు తిప్పిందన్నాడు. ఆ తరువాత నవ్వింది. "నవ్విందా" అని మొదటిసారి అడిగినప్పుడు లేదన్న మనిషే, నోట్లో పళ్ళు లేని చిగుళ్ళు కనబడేటట్టు నవ్విందన్నాడు. మొన్నటి జాతరకైతే తొట్టెలలోంచి తీసి చాప మీద వేస్తే బోర్లాపడిందని చెప్పాడు.

నాకు ఇద్దరు పిల్లలు. ఇరవై ఒక్క రోజుల పిల్ల ఏం చేస్తుందో, ఏం చేయదో నాకు తెలుసు. ఒక్క క్లిప్పు పేరు మార్చాడని మనిషిని బల్లార్‌పూర్ దాకా వెనక్కి తరిమినవాడు ఇలా కలుపుతుంటే నాకు చిరాకు వేసింది. ఆమె వెళ్ళాక అడిగాను.

"అన్నా, బోర్లపడ్డ క్లిప్పు నిజంగ ఉండెనా?"

ఆయన కార్డును గోరుతో పట్టి బయటికి తీస్తున్నాడు. "నువ్వు నల్లటి పెండ్లిపిల్లను తెల్లగ చేస్తవు. నేనెప్పుడన్న నిన్ను అడిగిన్నా?" అన్నాడు.

 ఆయన కార్డు కళ్ళద్దాల డబ్బాలో పెట్టి సొరుగు మూశాడు.

ఎండలు ముదిరిన వేళ ఒక పొద్దున్నే స్నానానికి వెళ్ళిన మనిషి బయటికి రాలేదు. డాక్టరు గుండె అన్నాడు. నేను వెళ్ళేసరికి చాప మీద పడుకోబెట్టి ఉన్నారు. వదిన గోడకు ఆనుకుని కూర్చుంది. ఎవరో నా భుజం తట్టి, చౌకులో పెట్టడానికి ఫ్లెక్సు కావాలి, నువ్వే చేయాలి అన్నారు. గదికి వచ్చి కంప్యూటరు ముందు కూర్చున్నాను. మరాఠీలో భావపూర్ణ శ్రద్ధాంజలి అని పెద్దక్షరాలు, కింద ఆయన ఫోటో, ఇరుపక్కలా దీపాలు. అక్షరాల మధ్య ఎడం సరిగ్గా లేదనిపించి రెండుసార్లు సరిచేశాను. ముఖం తెల్లగా చేసే మీటను అలవాటుగా నొక్కి, చూసుకుని, వెనక్కి తీసుకున్నాను. తెలుగులో ఒక లైను పెడదామంటే చదివేవాళ్ళెవరన్నారు. నిజమే. ప్రింటుకు పంపించి, శ్మశానానికి టైముకే వెళ్ళాను. అందరూ చేసినవన్నీ నేనూ చేశాను.

మరునాడు గదికి వచ్చి ఫ్యాను నా వైపు తిప్పుకున్నాను. చల్లగా ఉంది. అందులో ఏమీ అనిపించకపోవడం చూసి నా మీద నాకే అసహ్యం వేసింది. కాసేపటికి అదీ పోయింది.

అక్క పోయిన ఆదివారం వచ్చింది. కింద జిరాక్స్ దుకాణంలో చెప్పినట్టున్నారు. మెట్లెక్కి వచ్చి కుర్చీ వైపు చూసి, సంచి కింద పెట్టింది. లేవడం గుర్తొచ్చి లేచాను. స్టూలు తుడిచి వేశాను. ఆమె కూర్చుంది.

 సొరుగు తెరిచి కళ్ళద్దాల డబ్బా తీశాను. కార్డు పెట్టాను. సాఫ్ట్‌వేర్ ఎలా నడపాలో చూసి చూసి చేతికి వచ్చేసింది. పచ్చగీత కదిలింది. నా పెళ్ళి రావడం మొదలైంది. ఆమె తెర చూడటం లేదు. చేతులు ఒళ్ళో పెట్టుకుని, ఆయన చెప్పేటప్పుడు ఎలా కూర్చునేదో అలాగే కూర్చుని ఉంది.  ఇక దీన్ని సాగదీయకూడదు, ఎవరో ఒకరు నిజం చెప్పాలి అనుకున్నాను.

"అక్కా, ఇది రాదు," అన్నాను. "ఎన్నిసార్లు చూసినా గిదే వస్తది. మొత్తం పోయింది."

"ఎర్కె తమ్మీ. అన్న మొదటి దినమే చెప్పిండు."

"ఎర్కయితె మరెందుకొస్తున్నవక్కా?"

ఆమె కొంగుతో మెడ తుడుచుకుంది. "పాలు తాగే పిల్లకు దినాలు చెయ్యరు. పేరు గూడ ఎత్తొద్దంటరు, ఇంకో కాన్పుకు మంచిది కాదంటరు. మా ఇంట్ల ఎవ్వరు ఎత్తలె. వాళ్ళ నాయన గూడ ఎత్తలె. గీడికొస్తె అన్న చెప్తుండె."

నేను ఇంకా నిజం చెప్పే పట్టుదలలోనే ఉన్నాను. "అన్న చెప్పినయన్ని అయినయి కావక్కా. నాకు అనుమానమే ఉండె."

"అయినయి కావు," అంది ఆమె, నాకంటే తేలిగ్గా. "ఆ దినం పిల్లకు పొద్దుగాల్నె ఒళ్ళు వెచ్చవడ్డది. ఆ పొద్దంత నిద్రే. తొట్టెల్ల ఏసినా లేవలె, చెవుల పేరు చెప్పినా లేవలె. కండ్లే తెరువలె తమ్మీ. తీసినాయనకు ఎర్క లేదా? నాకు ఎర్క లేదా?"

గీత సగం దాకా వచ్చింది. మా మేనమామ, కెమెరా పట్టుకున్న అన్న చేయి గుంజుతున్నాడు.

"మరి ఊ కొడుతుంటివి గదక్కా?"

"ముందుగాల కండ్లు తెరిపించిండు. తర్వాత చెయ్యి ఆడిచ్చింది, తల తిప్పింది, నవ్వింది. ఏటేట ఇంతింత పెద్దగయితుండె. పెంచుతుండు గద అని ఊకున్న."

 నెల రోజులుగా మొద్దుబారి ఉన్న చోట ఏదో సూదిలా గుచ్చుకుంది. నొప్పి పుట్టింది, ఎక్కడో సరిగ్గా తెలిసింది. కళ్ళద్దాల డబ్బా నా చేతిలో ఉంది, దాని మూత మూయలేక తెరవలేక పట్టుకుని ఉన్నాను.

"బోర్లపడ్డ కాడ ఆపిపోయిండు మీ అన్న," అందామె. స్టూలు నా వైపు జరుపుకుంది. "ఇగ పాకాలె. చెప్పు తమ్మీ."

నేను డబ్బా బల్ల మీద పెట్టాను. కళ్ళు తుడుచుకున్నాను. గీత ఇంకా నడుస్తోంది.

"తర్వాతి క్లిప్పుల," అన్నాను, "గడప దాకా వచ్చిందక్కా."